ఎదుటివారికి చోటిచ్చిన కథానాయకుడు: అక్కినేని

2013 అక్టోబర్ 19న అక్కినేని నాగేశ్వరరావు హైదరాబాద్‌లో విలేకరులను పిలిపించి, తనకు క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. సినిమావాళ్ల ఇళ్లలో జబ్బు సంగతి బయటికి పొక్కనివ్వకపోవడం రివాజు. ఆయన ఆ రివాజు పాటించలేదు. తొంభై ఏళ్ల దరిదాపుల్లో ఉన్న మనిషి, జాలి కోరకుండా, గొంతు తడబడకుండా తన ఆరోగ్యం గురించి తానే వివరం చెప్పుకున్నారు. మూడు నెలలు తిరిగాయో లేదో, 2014 జనవరి 22 తెల్లవారుజామున కన్నుమూశారు. మరునాడు అన్నపూర్ణ స్టూడియోస్ ఆవరణలోనే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఆ సమావేశాన్ని చూసినవాళ్లలో చాలామందికి 1981 నాటి ‘ప్రేమాభిషేకం’ గుర్తుకొచ్చి ఉంటుంది. అందులో కథానాయకుడికి క్యాన్సర్. ప్రేమించిన అమ్మాయి బతుకు పాడవకూడదని ఆ సంగతి దాచిపెడతాడు, తనను ఆమె అసహ్యించుకునేలా వేశ్యతో తిరుగుతున్నట్టు నటిస్తాడు. దాసరి నారాయణరావు తీసిన ఆ సినిమా ఆంధ్రదేశంలో ఏడాది పొడుగునా ఆడింది. తెర మీద జబ్బును దాచి ఏడిపించిన నటుడు నిజ జీవితంలో దాన్ని నలుగురిలో పెట్టి, ఏడవొద్దన్నారు.

ఒక నటుడు పోయాక జనం జ్ఞాపకంలో మిగిలేవి రెండు మూడు బొమ్మలే. అక్కినేని విషయంలో అవేమిటో అందరికీ తెలుసు. శాలువా కప్పుకుని, సీసా పట్టుకుని, సగం మూసిన కళ్లతో కూర్చున్న దేవదాసు ఒకటి. భుజాలు కదుపుతూ, కాలు విసురుతూ స్టెప్పు వేసే దసరా బుల్లోడు రెండోది. మిమిక్రీ కళాకారులు ఇప్పటికీ ఈ రెండింటినే పట్టుకుంటారు. రెండింటిలోనూ ఆయన ఒంటరిగా కనిపిస్తారు, చుట్టూ ఎవరూ ఉండరు. చిక్కంతా అక్కడే. అక్కినేని నటన ఒంటరిగా నిలబడే నటన కాదు. పక్కన ఎవరున్నారు, వాళ్లు ఏమన్నారు, ఈయన దాన్ని ఎలా విన్నారు అన్నదాంట్లోనే ఆయన పనితనమంతా ఉంది. ఎదుటి పాత్రకు చోటిచ్చి, ఆ చోటులోంచి తన పాత్రను పెంచుకున్న నటుడాయన. తెలుగు తెర మీద అరవై డెబ్బై ఏళ్లు నిలిచిన రహస్యం కూడా చాలావరకు ఇదే.

దీనికి మూలం ఆయన వచ్చిన దారిలో ఉంది. 1924 సెప్టెంబర్ 20న కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతంలోని రామాపురంలో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. అయిదుగురు అన్నదమ్ముల్లో ఆఖరివారు. చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. నాటకాల్లోకి వెళ్లింది ఆడవేషాలతోనే. అప్పట్లో నాటక సమాజాల్లో స్త్రీ పాత్రలు మగపిల్లలే కట్టేవారు, ఒడ్డూ పొడుగూ లేని, నాజూకు ముఖమున్న కుర్రాడికి ఆ వేషాలే దక్కేవి. ఆడవేషం కట్టినవాడికి అరిచి మెప్పించే అవకాశం ఉండదు. చేతి వేళ్లతో, కనురెప్పలతో, తల వంపుతో పని నడిపించుకోవాలి. ఎదుటి పాత్ర పద్యం ఎత్తుకుంటే అది ముగిసేదాకా ముఖంలో ఆ పద్యం పలుకుతూ ఉండాలి. తరవాతి కాలంలో అక్కినేని దగ్గర అందరూ మెచ్చుకున్న సున్నితత్వం ఈ బడిలోనే అబ్బిందనుకోవడంలో తప్పు లేదు.

1941లో ‘ధర్మపత్ని’లో చిన్న వేషం వేశారు. ఆ తరవాత విజయవాడ రైల్వే స్టేషన్‌లో నిర్మాత, దర్శకుడు ఘంటసాల బలరామయ్య కంటబడ్డారు. 1944లో ‘శ్రీ సీతారామ జననం’లో రాముడయ్యారు. 1948లో ‘బాలరాజు’, 1949లో ‘కీలుగుర్రం’, ‘లైలా మజ్ను’. జానపద కథానాయకుడిగా పేరొచ్చింది గానీ, కత్తి పట్టుకుంటే నిండుగా కనిపించే శరీరం కాదు తనదని ఆయనకు తెలుసు. 1951లో ‘పాతాళభైరవి’తో ఎన్‌.టి.రామారావు ఆ చోటు ఆక్రమించాక, అక్కడ పోటీ పడడం కంటే మరో దారి చూసుకోవడం మేలని అర్థమైంది. తన కొలత తనకు తెలియడం నటుడికి చిన్న విద్య కాదు. చాలామంది పెద్ద నటులకే అది చివరిదాకా అబ్బలేదు.

ఆ మరో దారే ‘దేవదాసు’. వినోదా పిక్చర్స్ పతాకంపై డి.ఎల్. నారాయణ నిర్మించగా వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1953 జూన్‌లో విడుదలైంది. బెంగాలీ రచయిత శరత్ నవల దానికి ఆధారం. కత్తి తిప్పే కుర్రాడు దేవదాసేమిటని అప్పట్లో పెదవి విరిచినవాళ్లు ఉన్నారు. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ సినిమా పూర్తి కాకముందే 1952లో చనిపోయారు, మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. పాటలకు ఘంటసాల గొంతు, పార్వతిగా సావిత్రి, చంద్రముఖిగా లలిత. తాగుడు సన్నివేశాలు చాలావరకు రాత్రిళ్లు తీశారు, కళ్లు నిజంగానే నిద్రకు బరువెక్కి ఉండాలని.

ఈ సినిమాలో ఆయన చేసినదాన్ని కాస్త దగ్గరగా చూడాలి. అప్పటికి వయసు ఇరవై ఎనిమిది. తాగుబోతు అనగానే తూలడం, కేకలు పెట్టడం నాటకం నుంచి సినిమాకు వచ్చిన అలవాటు. అక్కినేని దానికి ఎదురు దిశలో వెళ్లారు. తాగిన కొద్దీ దేవదాసు గొంతు దిగిపోతుంది, కదలిక తగ్గిపోతుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీల్లోనే పార్వతి వచ్చి నిలబడుతుంది. ఊళ్లో పార్వతి కలవడానికొచ్చే సన్నివేశంలో మాట్లాడేదీ, నిలదీసేదీ ఆమె. అతను విని తలదించుకుంటాడు. సావిత్రికి అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు, అయినా ఆ సన్నివేశాలు ఆమెవే అన్నట్టుంటాయి. కథ పేరు తన పాత్రదే అయినా బరువు అవతలివైపు ఉంచడం అక్కినేని ఎంచుకున్న పద్ధతి. దుర్గాపురంలో పార్వతి అత్తవారింటి ముందు చెట్టు కింద దేవదాసు ప్రాణం పోతుంటే, జనం కన్నీళ్లు సగం ఇతనికి, సగం గుమ్మం దాటలేక కూలిపోయిన ఆమెకు పంచారు. పక్కవాళ్లను తగ్గించి నటించిన ముగింపయితే అది ఇన్నేళ్లు నిలిచేది కాదు.

ఆ సినిమా తరవాత ప్రేమలో ఓడిపోయి గడ్డం పెంచుకున్న ప్రతి కుర్రాడినీ ఊళ్లో దేవదాసు అనే పిలిచారు. నటుడికి ఇది అదృష్టమే గానీ గండం కూడా. మళ్లీ మళ్లీ అదే వేషం అడుగుతారు. ఇక్కడ అక్కినేని చేసిన పని ఈనాటి తారలు ఊహించలేరు. 1955లో విజయా సంస్థ ‘మిస్సమ్మ’ తీస్తుంటే అందులో డిటెక్టివ్ రాజు పాత్రకు ఒప్పుకున్నారు. కథానాయకుడు ఎన్టీఆర్, కథానాయిక సావిత్రి. ఈయనది నవ్వించే పక్క పాత్ర. విషాద నాయకుడి ముద్ర పడిపోకూడదని తెలిసే ఎంచుకున్నారు. భూతద్దం పట్టుకుని ఆనవాళ్లు వెతుక్కుంటూ తిరిగే ఆ రాజులో దేవదాసు ఛాయ మచ్చుకైనా కనబడదు. రెండేళ్లకు ‘మాయాబజార్’ వచ్చింది. అందులో ఆయన అభిమన్యుడు. శశిరేఖగా సావిత్రి, ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు, కృష్ణుడిగా ఎన్టీఆర్. ముగ్గురి ముందూ అభిమన్యుడు చిన్న పాత్రే. ‘భూకైలాస్’లో ఎన్టీఆర్ రావణుడైతే ఈయన నారదుడు, ‘గుండమ్మ కథ’లో ఎన్టీఆర్ అన్న, ఈయన తమ్ముడు. ఇద్దరూ కలిసి నటించిన సినిమాలు పద్నాలుగు. అభిమానులు బయట ఫ్యాన్ల గొడవలు పడుతున్న రోజుల్లో, తెర మీద ఈ ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రాకుండా నిలబడడం తెలుగు సినిమా స్వర్ణయుగానికి మూల కారణాల్లో ఒకటి. ఇద్దరు అగ్రనటులు పద్నాలుగుసార్లు ఒకే కథలో ఇమడడం ఇప్పుడు జరిగే పనేనా?

అలాగని ఆయన ఎప్పుడూ పక్కకు తప్పుకుని నిలబడ్డ నటుడేమీ కాదు. 1955లోనే తాపీ చాణక్య దర్శకత్వంలో ‘రోజులు మారాయి’ వచ్చింది. భూస్వామికి ఎదురు నిలిచిన రైతుల కథ అది. రామాపురం రైతుబిడ్డకు ఆ పాత్ర కోసం కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది. పొలంలో నిలబడ్డ తీరులోనూ, కండువా వేసుకోవడంలోనూ కృష్ణా జిల్లా కనబడుతుంది. భక్తుల పాత్రల సంగతి మరీ చిత్రం. దేవుడి మీద నమ్మకం లేదని దాపరికం లేకుండా చెప్పిన మనిషి విప్రనారాయణుడిగా, జయదేవుడిగా, తుకారాంగా మెప్పించారు. భక్తి లేకుండా భక్తుడి పాత్ర ఎలా పండిందంటే, ఆ భక్తిని కూడా ఆయన ప్రేమలాగే నటించారు. ఎదురుగా ఉన్న విగ్రహాన్ని వినే మనిషిలా చూశారు. ‘విప్రనారాయణ’లో భానుమతి దేవదేవిగా ఎదుట నిలిచినప్పుడు భక్తుడు కరిగే క్రమం కూడా ఈ పద్ధతిలోనిదే.

అక్కినేని పనితనం పూర్తిగా పండిన చోటు మాత్రం ‘మూగ మనసులు’. 1964 జనవరిలో విడుదలైంది. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. కథా, మాటల్లో ఆత్రేయ, ముళ్లపూడి వెంకటరమణల చేయి ఉంది. గోదావరి మీద పడవ నడిపే గోపి, పెద్దింటి అమ్మాయి రాధ (సావిత్రి). గోపి ఆమెను మొదటి నుంచి చివరిదాకా ‘అమ్మాయిగారు’ అనే పిలుస్తాడు. ప్రేమ ఉందని ఇద్దరికీ తెలుసు, ప్రేక్షకుడికీ తెలుసు, పిలుపు మాత్రం మారదు. ఆమె ఎదురుగా ఉంటే ఈ గోపి కూర్చునే తీరే వేరు. పూర్తిగా కూర్చోడు, లేవమంటే లేచేట్టు ఉంటాడు. కళ్లు ఆమె ముఖం మీద నిలవవు, తెడ్డు మీదికో నీళ్ల మీదికో జారిపోతాయి. కులం, డబ్బు, హోదా అన్నీ కలిసి ఒక మనిషి వీపును ఎలా వంచుతాయో ఉపన్యాసం లేకుండా చూపించిన నటన అది. మరోపక్క జమున గౌరి పాత్రలో చెలరేగిపోతుంటుంది. ఆమె అల్లరికి గోపి పెట్టే చిరాకు ముఖం, సావిత్రి ముందు ముడుచుకుపోయే ముఖం, రెండూ ఒకే మనిషివి. ఈ సినిమాను ఆదుర్తే ‘మిలన్’ పేరుతో హిందీలో తీశారు. అక్కడ పడవవాడు సునీల్ దత్. రెండూ వరసగా చూస్తే, భుజాలు వెడల్పుగా లేకపోవడం అక్కినేనికి ఎంత మేలు చేసిందో తెలుస్తుంది.

అదే ఏడాది ‘డాక్టర్ చక్రవర్తి’. రాష్ట్ర ప్రభుత్వం కొత్తగా మొదలుపెట్టిన నంది అవార్డుల్లో మొదటి బంగారు నంది దీనికే వచ్చింది. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ దీనికి మూలం. జనం అప్పటికే ప్రేమజంటగా స్థిరపరచుకున్న అక్కినేని, సావిత్రి ఇందులో ప్రేమికులు కారు. చనిపోయిన చెల్లెలి పోలికలు చూసుకుని ఒక రచయిత్రితో స్నేహం పెంచుకున్న డాక్టరు, ఆ స్నేహాన్ని అనుమానించే లోకం, ఇదీ కథ. పెద్ద తార ఇలాంటి కథకు ఒప్పుకోవడం అప్పట్లో సాహసమే.

ఈ నవలల సంగతి దగ్గర కాస్త ఆగాలి. 1960ల్లో, 70ల్లో తెలుగు వారపత్రికల సీరియళ్లు ఇళ్లను ఏలాయి. కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి రాసేవారు, ఇంటిపని ముగించుకున్న ఆడవాళ్లు చదివేవారు. ఆ నవలల్లోని నాయకుడు పొగరుబోతు అయినా లోపల మెత్తన. నాయికకు చదువు, ఆత్మాభిమానం ఉంటాయి, అతన్ని ఎదిరిస్తుంది. ఆ నాయకుడికి తెర మీద ముఖం ఎవరిది కావాలని పాఠకురాళ్లను అడిగితే వేరే పేరు వినిపించేది కాదు. ‘ప్రేమనగర్’, ‘విచిత్ర బంధం’, ‘సెక్రటరీ’ అలా వచ్చినవే. 1971 నాటి ‘ప్రేమనగర్’లో కల్యాణ్ జమీందారీ బిడ్డ, తాగుబోతు, ఆడవాళ్ల వెంట తిరిగే మనిషి. సెక్రటరీగా వచ్చిన లత, అంటే వాణిశ్రీ, అతన్ని మాటతో, చూపుతో మనిషిని చేస్తుంది. దేవదాసు తాగి చనిపోయాడు, కల్యాణ్ తాగుడు మానేసి బతికాడు. మధ్యలో పద్దెనిమిదేళ్లు. ఈ లోపు తెలుగు ఆడపిల్ల చదువుకుని ఉద్యోగంలో చేరింది, ఆ మార్పు సినిమాలోకి కూడా వచ్చింది. అక్కినేనిని ‘ఆడవాళ్ల హీరో’ అని కొందరు వెటకారంగా అనేవారు. నిజానికి అంతకు మించిన ప్రశంస లేదు. హాల్లో సగం జనాభా తమ కథ కోసం ఆయన సినిమాకు వచ్చింది.

ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక అభ్యంతరం కూడా చెప్పాలి. చోటివ్వడంలో ఒక్కోసారి పెత్తనం కూడా ఉంటుంది. ‘ప్రేమాభిషేకం’లో నాయకుడి త్యాగం గొప్పదే కావచ్చు, కానీ ఆ అమ్మాయి ఏం కోరుకుంటుందో అడగకుండానే ఆమె తరఫున నిర్ణయం అతనే తీసేసుకుంటాడు. పైగా ఆయనకు అప్పటికి యాభై ఆరేళ్లు, ఎదురుగా శ్రీదేవికి పదిహేడు. 1970ల ఉత్తరార్ధం నుంచి ఆయన చేసిన చాలా సినిమాల్లో ఈ ఎబ్బెట్టుతనం ఉంది. తెలుగు పెద్ద హీరోలందరిదీ అదే దారి అన్నమాట నిజమే, అయినా తన కొలత తెలిసిన మనిషి కూడా ఆ దారి నుంచి ఆలస్యంగానే పక్కకు వచ్చారు. మరణానంతర వ్యాసాలు ఈ సంగతిని దాటవేస్తుంటాయి. దాటవేస్తే ఆ తరవాత ఆయన ఎక్కిన మెట్టు ఎత్తు కూడా కనబడదు.

1974 ఆయన జీవితాన్ని రెండుగా చీల్చింది. ఆ ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. ‘బాలరాజు’ నాటి నుంచి పాటలో అక్కినేని గొంతు ఘంటసాలదే అయిపోయింది. ఇద్దరి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా ఒక్కటిగా కలిసేది. అదే ఏడాది అక్కినేనికి అమెరికాలో గుండె ఆపరేషన్ జరిగింది. ఆ రోజుల్లో గుండె కోసి కుట్టారంటే ఇక నటన ముగిసినట్టేనని అందరూ అనుకున్నారు. 1976లో ‘సెక్రటరీ’తో తిరిగొచ్చారు. పాటకు వి.రామకృష్ణ, తరవాత ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. బాలు ఈయన కోసం గొంతు నెమ్మది చేసుకుని, పలుకులో చిన్న వణుకు కలిపి పాడేవారు. కళ్లు మూసుకుని విన్నా పాట ఎవరి మీద తీశారో తెలిసిపోయేది.

ఆ 1976లోనే బంజారాహిల్స్‌లో ఇరవై రెండెకరాల్లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. అంతకు పదేళ్ల ముందు నుంచే ఆయన మద్రాసు వదిలి హైదరాబాద్‌లో ఉంటున్నారు. తెలుగు సినిమా తెలుగు గడ్డ మీదే తయారు కావాలని పట్టుబట్టారు. అప్పటికి హైదరాబాద్‌లో సారథి స్టూడియోస్ తప్ప పెద్దగా సౌకర్యాలు లేవు. నటులు, టెక్నీషియన్లు, ల్యాబులు అన్నీ మద్రాసులోనే. అగ్రనటుడు కదిలాడు కాబట్టి నిర్మాతలు కదలక తప్పలేదు. మరో పదిహేను ఇరవై ఏళ్లకు పరిశ్రమ మొత్తం వెనకాలే వచ్చింది. ఇవాళ కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ గల్లీల్లో బతుకుతున్న జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్‌మెన్‌ల జీవనాధారానికి పునాది పడింది ఆ రోజుల్లోనే. ఆదుర్తితో కలిసి సొంత డబ్బుతో ‘సుడిగుండాలు’, ‘మరో ప్రపంచం’ తీయడం కూడా ఈ కాలానికి ముందు మాట. అవి వసూళ్ల కోసం తీసిన సినిమాలు కావు. పెద్ద హీరో తన సంపాదన పెట్టి, బాలల నేరాల గురించి, పెంపకం గురించి సినిమా తీయడం మళ్లీ ఎప్పుడు జరిగిందో వెతుక్కోవాలి.

ఆలస్యంగా ఎక్కిన మెట్టు ఏమిటంటే, 1991లో క్రాంతికుమార్ తీసిన ‘సీతారామయ్యగారి మనవరాలు’. 1982 నాటి ‘మేఘసందేశం’లో నడివయసు కవిగా దానికి సగం దారి వేశారు గానీ, ముసలితనాన్ని ముసలితనంగా ఒప్పుకున్నది ఇక్కడే. కొడుకు తన మాట కాదన్నాడని ఏళ్ల తరబడి కోపం పట్టుకున్న తాత సీతారామయ్య. మనవరాలు ఇంటికొస్తుంది. కొడుకు ఇక లేడన్న సంగతి ఆమెకు తెలుసు, ఈయనకు తెలియదు. సినిమా నడిచేది ఆ అమ్మాయి ముఖం మీద. మీనా ఆ పాత్ర అంత తేలిగ్గా చేయగలిగిందంటే, ఎదుట కూర్చున్న పెద్దాయన ప్రతి సన్నివేశంలోనూ ఆమె మాటకు ఆగి, విని, ఆ తరవాతే కదిలారు. పంతం, ప్రేమ రెండూ ఒకే చూపులో పెట్టుకున్న ఆ తాతను చూసి, తమ ఇంట్లో మాటలు మానేసిన పెద్దలను తలచుకోని తెలుగువాళ్లు తక్కువ. 2011లో బాపు ‘శ్రీరామరాజ్యం’లో వాల్మీకిగా కనిపించారు. 1944లో రాముడిగా మొదలైన నటుడు రాముడి కథ రాసిన మహర్షి దగ్గరకు చేరారు.

ఆఖరు సినిమా ‘మనం’. విక్రమ్ కె.కుమార్ దర్శకుడు. కొడుకు నాగార్జున, మనవడు నాగచైతన్యతో కలిసి చేశారు. జబ్బు బయటపడ్డాక కూడా షూటింగ్ ముగించి, కదలలేని స్థితిలో ఇంటి దగ్గరే డబ్బింగ్ చెప్పారు. 2014 మే 23న విడుదలయ్యేనాటికి ఆయన పోయి నాలుగు నెలలు. పునర్జన్మల కథ. ‘మూగ మనసులు’ కూడా పునర్జన్మల కథే, సరిగ్గా యాభై ఏళ్ల కిందటిది. ‘మనం’లో నాగేశ్వరరావు పాత్ర నిడివి తక్కువ. కొడుకునీ మనవడినీ ముందు నిలబెట్టి తాను కథను కలిపే తాడులా ఉండిపోయారు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న కుటుంబం విడుదల చేసిన సినిమా ఇంత హాయిగా, నవ్వులతో ఉండడం ఆ కుటుంబానికి మేలే చేసింది, ప్రేక్షకులకూ మేలే చేసింది. హాల్లో ఆయన మొదటిసారి కనిపించినప్పుడు జనం ఏడవలేదు, చప్పట్లు కొట్టారు.

శతజయంతి సందర్భంగా 2024 సెప్టెంబర్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, పూణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వగైరా సంస్థలు కలిసి ఆయన పది సినిమాలను దేశంలోని పలు నగరాల్లో థియేటర్లలో చూపించాయి. ఆ ఏడాది గోవా చలనచిత్రోత్సవంలో రాజ్ కపూర్, మహమ్మద్ రఫీ, తపన్ సిన్హాలతో పాటు ఆయనకూ శతజయంతి నివాళి దక్కింది, బాగుచేసిన ‘దేవదాసు’ ప్రతి అక్కడ ప్రదర్శించారు. విగ్రహాలు, అవార్డులు, వీధుల పేర్లతో పోలిస్తే ఈ పని ఎన్నో రెట్లు విలువైనది. పద్మవిభూషణ్, ఫాల్కే పురస్కారం ఆయనకు బతికుండగానే వచ్చేశాయి. పోయిన నటుడికి ఇంకా చేయగలిగిన సేవ అంటే మంచి ప్రింటు, మంచి శబ్దం, చీకటి హాలు. టీవీలో అరిగిపోయిన ప్రతిలో దేవదాసు కళ్లు కనిపించవు, నల్లటి మరకలు కనిపిస్తాయి. ఆయన నటనంతా కళ్లలోనే ఉన్నప్పుడు ప్రింటు చెడితే నటుడు చెడినట్టే.

ఆ పది సినిమాల జాబితా చూస్తే జనం జ్ఞాపకం తీరు అర్థమవుతుంది. ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘భార్యాభర్తలు’, ‘గుండమ్మ కథ’, ‘డాక్టర్ చక్రవర్తి’, ‘సుడిగుండాలు’, ‘ప్రేమనగర్’, ‘ప్రేమాభిషేకం’, ‘మనం’. ఇందులో నాలుగింటిలో ఆయన కథకు ఏకైక కేంద్రం కారు. ఇంకెవరో ముందు నిలబడి ఉండగా పక్కన నిలిచినవి. వందేళ్ల పండగకు ఏరుకున్న పది సినిమాల్లో నాలుగు ఇలాంటివి కావడం మరే తెలుగు అగ్రనటుడికైనా జరుగుతుందా అన్నది సందేహమే. ‘సుడిగుండాలు’ను చేర్చడం మెచ్చుకోదగ్గ పని. నేటి కుర్రాళ్లలో ఎక్కువమందికి ఆ పేరు కూడా తెలియదు.

అయితే ‘మూగ మనసులు’ ఆ జాబితాలో లేదు. ‘రోజులు మారాయి’ లేదు, ‘విప్రనారాయణ’ లేదు, ‘సీతారామయ్యగారి మనవరాలు’ లేదు. పదిలో అన్నీ ఇమడవన్నది నిజమే. కానీ గోదావరి మీద పడవలో సగం కూర్చున్న గోపిని మంచి ప్రింటులో, పెద్ద తెర మీద చూడకుండా అక్కినేని ఎలాంటి నటుడో కొత్త తరానికి చెప్పడం కష్టం. తరవాత బాగుచేయడానికి వరస వేసుకుంటే మొదట ఎత్తుకోవలసింది అదే. దాని వెనకే ‘రోజులు మారాయి’, ఆ పైన ‘మరో ప్రపంచం’.